పడగొట్టేది కత్తి కాదు, మంచం

"నడుముకు కత్తి తగిలిందంటే ఆ మనిషి ఒట్టిగైనట్టే." బచ్చన్నపేట మండలంలో ఈ మాట అనని ఇల్లు లేదు. కొడవటూరులో అడిగినా, పోచన్నపేటలో అడిగినా, జనగామ బస్టాండులో పక్కన కూచున్న పెద్దమనిషిని అడిగినా తీర్పు ఒకటే. ఎన్నుపూసకు ఆపరేషన్ చేస్తే కాళ్లు పడిపోతాయట. పడకపోయినా ఆరు నెలలు మంచం దిగొద్దట. దిగినా ఇక బరువు పని చేతకాదట.

ఈ మూడు మాటలూ తప్పు. తప్పయి ఊరుకుంటే ఇంత రాయాల్సిన పని లేదు. మొదటి మాట ఆపరేషన్ తప్పనిసరైన వాళ్లను గడప దాటనీయడం లేదు. రెండో మాట ఆపరేషన్ బాగా జరిగి వచ్చిన వాళ్లను ఇంట్లోనే పాడుచేస్తోంది. అట్లా పాడైన మనిషిని చూపించి "చూసినవా, మేం చెప్పలే" అంటూ మూడో మాట పుడుతోంది. అది మళ్లీ మొదటి మాటకు బలమిస్తోంది. ఊరు తన భయాన్ని తానే నిజం చేసుకుంటోంది. నా కొట్లాట దీనితోనే.

ఇక్కడ నడుములు ఎందుకు పోతాయో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. బోర్లు ఎండి కరువు మండలమని పేరుపడ్డ నేల ఇది. దేవాదుల నీళ్లు చెరువుల దాకా వచ్చినంక వరి పెరిగింది, వరితో పాటు ఒంగి నాటేసే రోజులూ పెరిగాయి. నాట్లప్పుడు ఆడవాళ్లు పొద్దుగూకేదాకా నడుం ఎత్తరు. పత్తి చేనులో మందు కొట్టే పంపు పదహారు లీటర్లది. నింపి వీపుకు తగిలించుకుంటే ఇరవై కిలోల దాకా తూగుతుంది. యూరియా బస్తా 45 కిలోలు. కొనుగోలు కేంద్రంలో తూకం వేసి లారీకెక్కించే వడ్ల బస్తా 40 కిలోలు. మహబూబాబాద్ మిర్చి తోటల్లో ఒంగి కాయ తెంపే కూలీ, భూపాలపల్లి గనుల్లో దిగే కార్మికుడు, జనగామ మార్కెట్లో హమాలీ, అందరి బతుకూ నడుం మీదే నడుస్తోంది. ఇట్లాంటి చోట నడుం గురించి తప్పుడు మాట చెలామణి అయితే అది నేరుగా ఇంటి బువ్వకే దెబ్బ.

అసలు ఈ ఆపరేషన్ ఏమిటి? రెండు పూసల మధ్య మెత్తటి దిండులాంటి డిస్క్ ఉంటుంది. అది చిట్లి లోపలి గుజ్జు బయటికొచ్చి కాలికి వెళ్లే నరాన్ని నొక్కితే, పిరుదు నుంచి పాదం దాకా కరెంటు పాకినట్టు నొప్పి లాగుతుంది. మనవాళ్లు "నరం గుంజుతోంది" అనేదీ, "పూసల్లో గ్యాప్ వచ్చింది" అనేదీ చాలాసార్లు దీన్నే. కాలునొప్పికి కారణం ఈ చిట్లిన డిస్కేనని బోస్టన్‌లో మిక్స్టర్, బార్ అనే డాక్టర్లు 1934లో రాశారు. ఆ గుజ్జు ముక్కను తీసేసి నరానికి చోటివ్వడమే ఆపరేషన్. తొంభై ఏళ్ల నాటి పద్ధతి. ఇప్పుడు చిన్న కోతతో, సూక్ష్మదర్శిని కింద చేస్తున్నారు. సాఫీగా జరిగితే ఎక్కువమంది రెండు మూడు రోజుల్లో ఇంటికొస్తారు.

మరి కాళ్లు పడిపోతాయన్న భయం ఎక్కడిది? ఊరికే పుట్టలేదు. ఆ భయాన్ని నేను తేలిక చేయను, ఎందుకంటే దాని వెనక నిజమైన మనుషులున్నారు. తాటిచెట్టు మీద మోకు జారి పడ్డ గీత కార్మికుడు ఈ పక్క ఊళ్లలో కొత్త కాదు. అంత ఎత్తు నుంచి పడితే వీపు, నడుం కలిసే చోట పూస నలిగిపోతుంది, లోపలి వెన్నుపాము దెబ్బతింటుంది. కాళ్లు పోయేది ఆ క్షణమే, ఆ చెట్టు కిందే. ఆ తర్వాత అతణ్ని వరంగల్ ఎంజీఎంకో హైదరాబాద్ నిమ్స్‌కో తీసుకెళ్తారు. స్క్రూలు, రాడ్లు వేసి విరిగిన పూసను నిలబెడతారు. కొన్నాళ్లకు మంచం మీద ఇంటికొస్తాడు. ఊరికి కనబడేది వీపు మీద కుట్లు, కింద కదలని కాళ్లు. ఊరు ఆ రెండింటినీ ముడేసింది. చెట్టును వదిలి కత్తిని పట్టుకుంది. పడడమే అసలు ప్రమాదమని ప్రభుత్వానికి కూడా తెలుసు; అందుకే 2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో గీత కార్మికులకు కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

చెట్టు మీది నుంచి పడ్డ మనిషికి చేసే ఆపరేషన్ వేరు, డిస్కుకు చేసేది వేరు. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుం మొదటి, రెండో పూసల దగ్గరికి వచ్చేసరికి ముగిసిపోతుంది. డిస్క్ ఆపరేషన్లు ఎక్కువగా జరిగేది నాలుగు, ఐదు పూసల దగ్గర, దాని కింద. అక్కడ వెన్నుపాము ఉండదు, కిందికి దిగే నరాల కట్ట ఉంటుంది. పని జరిగేది ఆ కట్టలో ఒక నరం పక్కన. రెండు కాళ్లూ పూర్తిగా చచ్చుబడడం ఇక్కడ చాలా అరుదు.

ప్రమాదమే లేదని నేను అనడం లేదు. కుట్టుకు చీము పట్టొచ్చు. నరాల మీది పొర చిరిగి నీరు కారొచ్చు. నరానికి దెబ్బ తగలొచ్చు. నూటికి 5 నుంచి 15 మందికి అదే డిస్క్ మళ్లీ బయటికొస్తుందని లెక్క. ఇవన్నీ డాక్టరు ముందే చెప్పాలి, చెప్పకపోతే అడగాలి. కానీ కాళ్లు పడిపోయే అసలు దారి ఒకటుంది, దాన్ని గురించి ఊళ్లో ఎవరూ మాట్లాడరు. పెద్ద గుజ్జు ముక్క నరాల కట్ట మొత్తాన్నీ నొక్కేస్తే మూత్రం రావడం ఆగిపోతుంది, తొడల లోపలి వైపు, మలమూత్ర ద్వారాల చుట్టూ మొద్దుబారుతుంది, కాళ్లలో బలం పోతుంది. అప్పుడు గంటలు లెక్కబెట్టుకోవాలి. వెంటనే ఆపరేషన్ చేస్తేనే కాళ్లు, మూత్రాశయం దక్కే అవకాశం. ఆ వేళ "ఎన్నుపూసకు ఆపరేషనా, వద్దు బిడ్డా" అని ఆపి, ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించి, ఇంకో ఊళ్లో నరం సవరించే మనిషి దగ్గర తోమించి మూడు రోజులు పోగొట్టిన ఇళ్లున్నాయి. అక్కడ కాళ్లు తీసింది కత్తి భయం.

ఇప్పుడు మంచం సంగతికి వస్తాను. నా అసలు కోపం దీని మీదే.

ముందుగా ఊరి పక్షాన ఒక మాట చెప్పాలి. మంచం సలహా ఊళ్లో పుట్టలేదు. దాన్ని ఇచ్చింది డాక్టర్లే. నడుం నొప్పికైనా, ఆపరేషన్ అయినంకైనా వారాల తరబడి కదలొద్దని ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద పెద్ద ఆసుపత్రులే చెప్పాయి. మన తాతలు విన్నారు, గుర్తుపెట్టుకున్నారు, పిల్లలకు చెప్పారు. తర్వాత వైద్యం మాట మార్చుకుంది, కానీ ఆ కొత్త మాట మన వాకిళ్ల దాకా రాలేదు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే లండన్ డాక్టర్ రిచర్డ్ ఆషర్, మనిషిని మంచాన పడుకోబెట్టడం ఎన్ని విధాల ప్రమాదమో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో గట్టిగా రాశాడు. 1986లో అమెరికాలో డాక్టర్ డేయో బృందం నడుం నొప్పి ఉన్న 203 మందిని తీసుకుని కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక చెప్పింది. రెండు రోజులే పడుకున్నవాళ్లు తక్కువ పనిదినాలు పోగొట్టుకున్నారు, మిగతా విషయాల్లో వాళ్లకు నష్టమేమీ రాలేదు. 1995లో హెల్సింకీలో పడకనూ, వ్యాయామాన్నీ, మామూలు తిరుగుడునూ పోల్చి చూస్తే అందరికన్నా తొందరగా కోలుకున్నది మామూలుగా తిరిగినవాళ్లు. ఇవి ఆపరేషన్ లేని నడుం నొప్పి మీద చేసినవి. ఆపరేషన్ అయినవాళ్ల సంగతికి వస్తే, 1999లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్ కారజీ డిస్క్ ఆపరేషన్ చేసిన 152 మందికి ఏ ఆంక్షా పెట్టకుండా పంపించాడు. చాలామంది వారాల్లోనే పనిలో చేరారు. కట్టుబాట్లు లేనందుకు నష్టం పెరిగినట్టు కనబడలేదు. ఇట్లాంటి పరిశోధనలన్నీ జల్లెడ పట్టిన కాక్రేన్ సమీక్ష, ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాలకు మొదలుపెట్టే వ్యాయామం నొప్పినీ, పని చేయలేనితనాన్నీ తొందరగా తగ్గిస్తుందనీ, దానివల్ల మళ్లీ ఆపరేషన్ పడే అవసరం పెరిగినట్టు ఆధారం లేదనీ 2014లో చెప్పింది.

పడుకుంటే ఏమవుతుందో తెలియాలంటే ఇంకో పరీక్ష ఉంది. 2007లో అమెరికాలో ఏ జబ్బూ లేని పన్నెండు మంది వృద్ధులను పది రోజులు మంచం మీద ఉంచారు. పది రోజులకు ఒక్కొక్కరి కాళ్లలో కరిగిపోయిన కండ సగటున కిలో దాకా. ఆరోగ్యంగా ఉన్న మనిషికే పది రోజులకు కిలో పోతే, ఆపరేషన్ అయి, సరిగా తినక, ఆరు నెలలు మంచం పట్టిన మనిషి కాళ్లలో ఏం మిగులుతుంది? వెన్నును నిలబెట్టే కండరాలు అట్లాగే సన్నబడతాయి. రక్తం కదలక పిక్కల్లో గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోవచ్చు. మలబద్ధకం, వీపున పుండ్లు, దిగులు వీటికి తోడు. ఆరు నెలలకు లేచి నిలబడబోతే కాళ్లు వణుకుతాయి. ఊరు అంటుంది: "ఆపరేషన్ ఫెయిలైంది." లేదు. ఆపరేషన్ బాగానే అయింది. ఆ తర్వాత చేసింది ఫెయిలైంది.

తెలంగాణ అంతా కళ్లారా చూసిన సంగతి ఒకటి గుర్తుచేస్తాను. 2023 డిసెంబరులో కేసీఆర్ ఎర్రవల్లి ఫామ్‌హౌస్‌లో జారిపడి తుంటి విరిగితే హైదరాబాద్ యశోదలో 8వ తేదీన తుంటి మార్పిడి ఆపరేషన్ చేశారు. మరునాడే ఆయన వాకర్ పట్టుకుని నడుస్తున్న వీడియో ప్రతి ఫోనులో తిరిగింది. అప్పటికి ఆయనకు 69 ఏళ్లు. ఫిబ్రవరి 1న శాసనసభ్యుడిగా ప్రమాణం చేశారు. అది తుంటి, ఇది వెన్ను, నిజమే. కానీ మరునాడే లేపి నడిపించాలన్న సూత్రం రెండింటికీ ఒకటే. ముఖ్యమంత్రిగా చేసిన మనిషిని డాక్టర్లు మరునాడే నడిపించారంటే అది నడకలో ఉన్న మేలు చూసి చేసిన పని. ఆ వీడియో చూసి మెచ్చుకున్న మన ఊళ్లోనే, అదే ఏడాది, డిస్క్ ఆపరేషన్ అయిన మనిషిని "లేవకు, కుట్లు పిగులుతయి" అని పడుకోబెట్టాం.

నడుం ఆపరేషన్ అయిన మనిషి ఇంటికొచ్చినప్పటి నుంచి ఏం జరుగుతుందో చూడండి. మొదటి రోజు నుంచే చూడవచ్చేవాళ్లు వస్తారు. అందరూ ప్రేమతోనే వస్తారు. ఒక చిన్నమ్మ పప్పు వద్దంటుంది, చీము పడుతుందని. ఇంకో పెద్దబాపు గుడ్డు, మాంసం వద్దంటాడు. వంకాయ వద్దు, పెరుగు వద్దు. చివరికి పళ్లెంలో మిగిలేది చారు మెతుకులు. చర్మం, కండ, ఎముక అతుక్కోవాలంటే కావాల్సింది సరిగ్గా వద్దన్న ఆ పప్పూ, గుడ్డూ, పాలూ, మాంసమూ. పప్పు తినడం వల్ల ఏ కుట్టుకూ చీము పట్టదు. చీము పట్టేది క్రిముల వల్ల, అదుపులేని షుగరు వల్ల, తడిసిన కట్టు వల్ల. ఇంత పత్యం పెట్టినవాళ్లు బీడీని మాత్రం ఆపరు. పూసలను రాడ్లతో కలిపి అతికించే ఆపరేషన్ అయినవాళ్లకు ఎముక అతుక్కోకుండా అడ్డుపడే వాటిలో పొగాకు ముందుంటుంది. నొప్పి మాత్రల మీద కల్లు తాగడం ఇంకో ముప్పు. మత్తు మీద మత్తు పడితే మనిషి పడిపోతాడు, ఊపిరి మందగిస్తుంది.

తర్వాత బెల్టు. డాక్టరు కొన్ని వారాలు పెట్టుకోమన్న బెల్టును ఏడాది దాకా విప్పరు. పని అంతా బెల్టే చేస్తే వెన్ను కండరాలు తమ పని మరిచిపోతాయి. ఆ తర్వాత బాత్రూం. మన ఇళ్లలో గొంతుక్కూచునే దొడ్లే ఎక్కువ. నొప్పి మాత్రలకు విరేచనం గట్టిపడుతుంది, కూచుంటే నొప్పి, దాంతో మనిషి తిండి, నీళ్లూ తగ్గించేస్తాడు, ఇంకా గట్టిపడుతుంది. మందుల షాపులో దొరికే కమోడ్ కుర్చీ ఒకటి, రోజుకు సరిపడా నీళ్లు, ఆకుకూర, అరటిపండు, అవసరమైతే డాక్టరు రాసిచ్చే విరేచనం మందు ఉంటే తీరిపోయే బాధ ఇది. ఆపరేషన్‌కు అప్పు తెచ్చిన ఇల్లు కమోడ్ కుర్చీకి వెనకాడడం నాకు అర్థం కాదు.

ఆడమనిషికి జరిగేది ఇంకో అన్యాయం. మంచం సలహా చెప్పే ఊరే కోడలి దగ్గరికొచ్చేసరికి దాన్ని మరిచిపోతుంది. మగమనిషికి ఆరు నెలల మంచం, ఆమెకు ఆరు రోజులు కూడా లేదు. కుట్లు విప్పకముందే చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తుంది, ఒంగి బట్టలుతుకుతుంది, నల్లా దగ్గర బిందె ఎత్తుతుంది. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కిలోలు. మొదటి ఆరు వారాలు డాక్టర్లు మామూలుగా వద్దనేవి సరిగ్గా ఇవే: ఒంగి ఎత్తడం, నడుం మెలితిప్పడం, బరువు మోయడం. నేను మంచానికి ఎదురు చెప్తుంటే, దాన్ని అడ్డం పెట్టుకుని "నడవాలన్నరు కదా, పని చెయ్యి" అనే అత్తింటికి నేను సాయం చేయను. నడవడం వేరు, ఒంగి మోయడం వేరు. మొదటిది మొదటి రోజు నుంచే కావాలి, రెండోది నెలన్నర దాకా వద్దు. ఈ తేడా ఇంట్లో మగవాళ్లు తెలుసుకుని బిందె తాము ఎత్తాలి.

అసలు కోలుకోవడం ఎట్లా ఉంటుందో తెలియకపోవడమే చాలా భయాలకు మూలం. మామూలు డిస్క్ ఆపరేషన్‌లో, డాక్టరు ప్రత్యేకంగా వద్దనకపోతే, అదే రోజో మరునాడో లేపి నిలబెడతారు. లేచేటప్పుడు ఒక్కసారిగా నడుం ఎత్తి కూచోకూడదు. మొత్తం ఒళ్లు ఒకేసారి పక్కకు దొర్లి, కాళ్లు మంచం కిందికి దించి, చేతుల ఆసరాతో లేవాలి. ఇది మొదటి రోజే నేర్పాలి. తర్వాత వాకిట్లో ఐదు పది నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. కూచోవడం ఒకేసారి ఇరవై, ముప్పై నిమిషాలకు మించకుండా. పది నుంచి పద్నాలుగు రోజులకు కుట్లు విప్పుతారు. కాలులో లాగే నొప్పి చాలామందికి మొదటి రోజుల్లోనే తగ్గుతుంది. నడుంలో కోత నొప్పి వారాలుంటుంది. తిమ్మిరి అన్నిటికన్నా చివర పోతుంది, ఎందుకంటే నరం కోలుకునే వేగం రోజుకు ఒక మిల్లీమీటరు దగ్గర. నడుం నుంచి పాదం దాకా ఎంత దూరమో లెక్కేసుకోండి. నెలల మాట. మడమ మొద్దుగా ఉందని నెలకే "ఆపరేషన్ పనిచేయలే" అనడం అన్యాయం. పాదం ఎత్తలేని బలహీనత కూడా నెలల్లోనే మెరుగుపడుతుంది; ఏళ్ల తరబడి నొక్కుడుపడి ఉన్న నరమైతే పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఇది నిజం, దాచకూడదు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. బాగున్న మనిషికి రెండో మూడో వారంలో ఒక్కసారి నొప్పి తిరగబెట్టవచ్చు. వాపు వల్ల, కొంచెం ఎక్కువ తిరగడం వల్ల వచ్చేదే చాలాసార్లు. రెండు మూడు రోజులు తిరుగుడు తగ్గించి, మందు వేసుకుంటే సర్దుకుంటుంది. మన ఇళ్లలో ఆ రెండు రోజుల నొప్పే మంచానికి పర్మినెంటు టికెట్ అయిపోతుంది. అక్కడ నుంచి మనిషి లేవడు. భయపడాల్సినవి వేరే ఉన్నాయి: జ్వరం, కుట్టు ఎర్రబడి చీము కారడం, కుట్టులోంచి తేటనీరు కారుతూ నిలబడితే తలనొప్పి రావడం, పిక్క వాచి నొప్పెట్టడం, ఊపిరి అందకపోవడం, మూత్రం ఆగిపోవడం, కాలు కొత్తగా బలహీనపడడం. వీటిలో ఏది కనబడినా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెంటనే పోవాలి, ఊళ్లో ఇంజక్షన్‌తో సరిపెట్టుకోకూడదు.

ఇక బరువు పని చేతకాదన్న మాట. క్రికెట్ చూసే ప్రతి కుర్రాడికీ జస్‌ప్రీత్ బుమ్రా తెలుసు. 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో అతని వెన్నుకు ఆపరేషన్ జరిగింది. ఆగస్టు 18న డబ్లిన్‌లో ఐర్లాండ్ మీద కెప్టెన్‌గా దిగి మొదటి ఓవర్లోనే రెండు వికెట్లు తీశాడు. మరుసటి ఏడాది టీ20 ప్రపంచకప్‌లో టోర్నీ మొత్తానికి మేటి ఆటగాడు అతనే. అతనిది డిస్క్ కాదు, ఒత్తిడికి ఎముకలో వచ్చిన పగులు. అయినా ఫాస్ట్ బౌలర్ నడుం మీద పడే భారం ఏ కూలి పనికీ తీసిపోదు. అతనికీ మన కౌలు రైతుకూ వెన్నుపూసలో తేడా లేదు. తేడా అంతా ఆపరేషన్ తర్వాత దొరికినదాంట్లో ఉంది. అతనికి బెంగళూరు క్రికెట్ అకాడమీ, ఫిజియోలు, నెలల లెక్క ప్రకారం పెంచిన పని. మన రైతుకు నులక మంచం, చారు మెతుకులు, వచ్చిపోయేవాళ్ల ఓదార్పు.

డిస్క్ ఆపరేషన్ అయిన కూలీ మూడు నెలల దగ్గర, డాక్టరు చూసి సరేనన్నంక, మెల్లగా పొలం పనికి తిరిగి రాగలడు. రాడ్లు వేసి పూసలు కలిపిన ఆపరేషన్ అయితే లెక్క వేరు. ఎముక అతుక్కోవడానికే ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, ఒంగడం, మోయడం మీద ఆంక్షలు ఎక్కువ కాలం ఉంటాయి. మళ్లీ తాటిచెట్టు ఎక్కవచ్చా, 45 కిలోల బస్తా లేపవచ్చా అన్నది ఆ మనిషిని చూసిన సర్జనే చెప్పాలి. కొందరు పని మార్చుకోవాల్సి వస్తుంది. కొందరికి అంటే అందరికీ అని కాదు. మోకాళ్లు వంచి బస్తాను ఒంటికి దగ్గరగా పట్టుకోవడం, మందు పంపు సగం నింపి రెండుసార్లు తిరగడం, నాట్లలో గంటకోసారి నిటారుగా నిలబడడం నేర్చుకుంటే పోయే కాలం కన్నా మిగిలే కాలమే ఎక్కువ.

ఈ వాదన విని కొందరు నన్ను ఇంకో వైపు నుంచి పట్టుకుంటారు. మరి పట్నం ఆసుపత్రులు అవసరం లేకపోయినా కోయడం లేదా, "వారంలో మామూలు మనిషివైతవు" అని చెప్పి పంపడం లేదా అని. చేస్తున్నాయి, చెప్తున్నాయి. అదీ అంతే తప్పు. నడుం నొప్పి లేని మనుషుల స్కానింగులను లెక్కగట్టిన పరిశోధన 2015లో వచ్చింది. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే నూటికి 37 మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో నూటికి 96 మందికి అరిగిన డిస్కులున్నాయి. కాబట్టి ఫిల్ములో "డిస్క్ అరిగింది" అని కనబడితే చాలు ఆపరేషన్ చేయాలనేవాణ్ని నమ్మకండి. ఈ ఆపరేషన్ బాగా పనిచేసేది కాలికి లాగే నొప్పికి, నొక్కుడుపడ్డ నరానికి. ఒట్టి నడుం నొప్పికి కాదు. కాలు బలహీనపడకుండా, మూత్రం ఆగకుండా ఉంటే ఆగి చూడడానికీ సమయం ఉంటుంది. 2007లో నెదర్లాండ్స్‌లో 283 మంది మీద జరిగిన పరిశోధనలో తొందరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు కాలునొప్పి తొందరగా తగ్గింది, కానీ ఏడాదికి చూస్తే ఆగి చూసినవాళ్లూ దాదాపు అంతమందే కోలుకున్నారు. ఆగినవాళ్లలో నూటికి 39 మందికి చివరికి ఆపరేషన్ తప్పలేదు. ఇదంతా కాగితం మీద పెట్టి, మనిషికి అర్థమయ్యే తెలుగులో చెప్పి, నిర్ణయం అతనికి వదలాలి. భయపెట్టే ఊరూ, ఆశపెట్టే ఆసుపత్రీ రెండూ ఆ మనిషికి నిజం చెప్పడం లేదు.

డిశ్చార్జి రోజు చేతికిచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. అందులో మందుల పేర్లుంటాయి, మళ్లీ ఎప్పుడు రావాలో ఉంటుంది. ఎట్లా లేవాలో, ఎన్ని నిమిషాలు నడవాలో, ఏం తినాలో, ఏ నొప్పికి భయపడాలో ఉండదు. ఆ ఖాళీలోనే ఊరి మాట వచ్చి కూచుంటుంది. భూపాలపల్లి సింగరేణి కార్మికుడికి కంపెనీ ఆసుపత్రి, మెడికల్ లీవు ఉన్నాయి. బచ్చన్నపేట కూలీకి ఆరోగ్యశ్రీ ఆపరేషన్ గది దాకా తీసుకెళ్తుంది. 2007లో మొదలైన ఆ పథకం ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో నాకు తెలుసు, 2023 డిసెంబరులో పరిమితిని పది లక్షలకు పెంచారు కూడా. కానీ ఆపరేషన్ అయినంక ఆరు వారాలు అతన్ని ఎవరు నడిపించాలి? ఫిజియోథెరపిస్టు కోసం ఆపరేషన్ నడుంతో ఆటోలో కుదుపులు తింటూ జనగామ పోవాలా? 2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామకూ భూపాలపల్లికీ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆ కాలేజీల నుంచి వారానికోసారి ఒక ఫిజియోథెరపిస్టు మండల ఆసుపత్రికి రావాలి. వెన్ను ఆపరేషన్ అయిన ప్రతి మనిషి ఇంటికీ ఆశ కార్యకర్త మొదటి నెలలో వెళ్లి, నడుస్తున్నాడా, తింటున్నాడా, కుట్టు ఎట్లా ఉంది అని చూడాలి. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేసే ప్రతి ఆసుపత్రీ బొమ్మలతో తెలుగు కాగితం ఇచ్చి, ఇంట్లో చూసుకునే మనిషిని కూచోబెట్టి చదివి వినిపించాకే డిశ్చార్జి చేయాలి. లక్షల ఆపరేషన్‌కు పైసలు పెట్టే ప్రభుత్వానికి ఇది పెద్ద ఖర్చు కాదు.

ప్రభుత్వం చేసేదాకా ఆగాల్సిన పని మనకు లేదు. చూడబోయేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. మంచం పక్కన కూచుని ఎవరి కాళ్లు ఎట్లా పడిపోయాయో చెప్పకండి. పప్పు వద్దనకండి. మీ ఇంట్లో ఎవరైనా ఈ వారం నడుం ఆపరేషన్ అయి వచ్చి ఉంటే, డాక్టరు ప్రత్యేకంగా కదలొద్దని చెప్పలేదని తెలుసుకుని, ఈ సాయంత్రమే పక్కకు దొర్లించి లేపండి. చేయి పట్టుకుని వాకిట్లో ఐదు నిమిషాలు నడిపించండి. రేపు నాలుగుసార్లు నడిపించండి.